మెరూన్ డ్రెస్సు, టీ రంగు నీళ్ళు

మా సొసైటీ ఈతకొలను పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దున్నే దాని మీద కూర్చుని నీళ్ళు పరీక్ష చేయడం నాకు ఇప్పుడు పళ్ళు తోముకోవడం లాంటి పని. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో రెండు గాజు గొట్టాలుంటాయి. ఒకదానిలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఎంత ఉందో అంత పసుపు తేలుతుంది. రెండోదానిలో వేరే చుక్కలు వేస్తే, నీళ్ళలో పులుపు ఎక్కువైందా, క్షారం ఎక్కువైందా అన్నదాన్ని బట్టి పసుపుకీ ఎరుపుకీ మధ్య ఏదో ఒక రంగు వస్తుంది. దాన్ని పెట్టె మీది అచ్చు రంగులతో పోల్చి డైరీలో రాసుకుంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బాయిలర్ నీళ్ళకు ఇదే పని చేశాను.

"రిటైరైనా మీ బాయిలర్ మిమ్మల్ని వదల్లేదండీ" అంటుంది మా ఆవిడ, కొలనులోంచి.

ఆ మాట ఆవిడ కొలనులోంచి అనగలుగుతోందంటే, దాని వెనక ఒక వేసవి ఉంది. ఇన్నేళ్ళ తరవాత ఆ వేసవి డైరీ తీస్తే దాని పేజీలకు ఇంకా బ్లీచింగ్ వాసన ఉన్నట్టే అనిపిస్తుంది. వాసన ఉండదని నాకు తెలుసు. అయినా అనిపిస్తుంది.

మా ఆవిడది గోదావరి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన ఊరు. అలాంటి ఊళ్ళో పుట్టి కూడా ఆమెకు ఈత రాదు. మగపిల్లలు రేవులో దూకుతుంటే ఆడపిల్లలు మోకాలి లోతులో బట్టలు ఉతికేవాళ్ళు. కార్తీకంలో మూడు మునకలు, అవీ అమ్మ చెయ్యి పట్టుకుని. పెళ్ళయ్యాక నా ఉద్యోగం సూరత్ దగ్గర సముద్రం వైపున్న ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో. మొదటిసారి రైల్లో వస్తూ గోదావరి వంతెన మీద కిటికీలోంచి రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకుంది. మర్నాడు తాపీ వంతెన వచ్చింది. "ఇది కూడా నదే కదండీ, ఒక రూపాయి ఇవ్వండి" అంది. నా జేబులో చిల్లర లేదు. "కొత్త నదికి అప్పు పెట్టి కాపురానికొచ్చాం" అని చాలా ఏళ్ళు దెప్పింది.

టౌన్‌షిప్‌లో పెద్ద ఈతకొలను ఉండేది. సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకు ప్రత్యేకం. మా పిల్లలు ఈదుతుంటే ఆవిడ గట్టు మీద తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక్కరోజు కూడా దిగలేదు. అడిగితే "తువ్వాళ్ళు ఎవరు చూస్తారు?" అనేది. ఆ కాలపు మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇలాంటి జవాబులు చాలా ఇచ్చేవాళ్ళు. మేమూ వాటిని జవాబులుగానే తీసుకునేవాళ్ళం.

రిటైరయ్యాక సూరత్‌లోనే, అడాజన్ పేటలో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. బిల్డరు కాగితం మీద గొప్పగా చూపించిన ఈతకొలను నిజానికి చిన్నదే. సెలవుల్లో పిల్లలు తప్ప ఎవరూ దిగేవారు కాదు. ఈలోగా ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మెట్లు దిగడం, కింద కూర్చోవడం, రెండూ పోయాయి. డాక్టరు మందులు రాసి, చివర్లో, "నీళ్ళలో నడవండి. మీ బరువు నీళ్ళు మోస్తాయి" అన్నాడు.

దానికోసం ఆవిడ ఒక డ్రెస్సు కుట్టించుకుంది. మందపాటి మెరూన్ కాటన్, పొడుగు చేతులు, కింద పైజామా. మొదటిరోజు కొలను మెట్ల రెయిలింగు పట్టుకుని, నన్ను అటు తిరగమని, దిగింది. కాసేపటికి నేను ఇటు తిరిగేసరికి నడుము లోతులో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తోంది. ముఖం మీద నొప్పి లేదు.

"ఏవండీ, ఈ మోకాళ్ళు నావి కావు. ఎవరో పదహారేళ్ళ పిల్లవి" అంది.

తరవాత ఆవిడను చూసి పక్క వింగుల్లోని పెద్ద ఆడవాళ్ళు నలుగురైదుగురు దిగడం మొదలుపెట్టారు. అందరికీ ఆవిడ 'మాసీ', అంటే పిన్ని. పూర్తి డ్రెస్సుల్లో, గుజరాతీ, హిందీ, మధ్యలో మా తెలుగు కలిపి కబుర్లు చెప్పుకుంటూ వరసగా నడిచేవాళ్ళు. గట్టు మీద తువ్వాళ్ళు చూసే పని నాకు వచ్చింది.

ఆ వేసవిలో మునిసిపల్ పైపు మరమ్మతు అని సరఫరా తగ్గించారు. ఎండకు కొలను మట్టం దిగిపోయింది. కమిటీ వాళ్ళు బోరు వేయించి కొలను నింపారు. బోరు నీళ్ళు చూడటానికి అద్దంలా ఉన్నాయి. తెల్లారాక కొలను చూసుకునే మనిషి ఎప్పటిలాగే క్లోరిన్ పొడి కలిపి చల్లాడు. ఆవిడ ఎప్పటిలాగే ముందు దిగింది. మిగతావాళ్ళు ఇంకా రాలేదు.

ఆవిడ రెండు మూడు రౌండ్లు నడిచేసరికి నీళ్ళు లేత ఆకుపచ్చకు తిరిగాయి. బయటికి వచ్చేసరికి పసుపు. మధ్యాహ్నానికి పాలు పోయని టీ రంగు. అడుగున తెల్ల టైళ్ళు కనబడలేదు.

వేరే ఊళ్ళో అయితే నాచు పట్టిందనో, పైపు పగిలిందనో అనుకుంటారు. ఇది సూరత్. ఇక్కడ ప్రతి ఇంట్లో ఒకరైనా బట్టతో బతుకుతారు. నీళ్ళకు రంగొచ్చిందంటే బట్ట రంగు వదిలింది, అంతే. రెండో ఆలోచన ఎవరికీ రాదు. మా సొసైటీ ప్రముఖ్, అంటే అధ్యక్షుడు, చీరల వ్యాపారి. మంచివాడే. తీగ మీద ఆరేసిన మెరూన్ డ్రెస్సు అంచును తడి వేళ్ళతో నలిపి, వేళ్ళు వెలుతురులో పెట్టి చూశాడు. అంగట్లో సరుకు చూసినట్టే చూశాడు.

"మాసీ, ఖోటు నా లగాడ్తా. కలర్ కాచో ఛే" అన్నాడు. ఏమీ అనుకోకండి, ఇది పచ్చి రంగు, నిలవదు అని.

"నీ వేళ్ళకు అంటిందా?" అని ఆవిడ హిందీలో అడిగింది.

"ఇప్పుడు అంటలేదు. క్లోరిన్ పడితే ఏ రంగు ఏం చేస్తుందో మీకు తెలియదు మాసీ. నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా నా పని అదే."

"నీ ముప్పై ఏళ్ళూ నా డ్రెస్సు మీదే పెట్టావా బాబూ!"

అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. కానీ సాయంత్రం లిఫ్టు దగ్గర నోటీసు పడింది. వచ్చే ఆదివారం మీటింగు. ఇకమీదట ఈత కాస్ట్యూమ్ లేనిదే ఎవరూ కొలనులో దిగరాదని తీర్మానం.

ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి డ్రెస్సు మడత పెట్టి అలమరా పైఅరలో పెట్టింది. పైఅర అందుకోవాలంటే ఆవిడకు మడమలెత్తాలి, మోకాలు నొప్పి. అయినా పైనే పెట్టింది.

"ఈ వయసులో ఆ కాస్ట్యూమ్ నేనెలాగూ వేసుకోను. నా నడక అయిపోయింది లెండి" అంది.

ఆరోజు డైరీలో నీళ్ళ రంగు ఒక్కటే రాశాను.

కొలను చూసుకునే మనిషిది కరీంనగర్ వైపు పల్లె. చాలాకాలం సూరత్ మిల్లుల పేట పాండేసరలో ఒక డైహౌస్‌లో, అంటే బట్టకు రంగులద్దే మిల్లులో, పనిచేసి, ఆవిరికి ఊపిరి పట్టక మానేసి ఇటు వచ్చాడు. తెలుగువాళ్ళమని మా మీద అభిమానం. మా ఆవిడను 'అమ్మా' అనేవాడు. ఆవిడ మీద నింద పడటం అతనికి బాధ కలిగించింది. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టాడు.

"సార్, జర కిందికి రాండ్రి. అమ్మను గూడ తోలుకరాండ్రి."

వెళ్ళి చూస్తే కొలను తేటగా ఉంది. అడుగు టైళ్ళు కనిపిస్తున్నాయి.

"ఏం చేశావయ్యా?"

"గదేముంది సార్, హైడ్రో కొట్టిన. మా డైహౌస్ల బట్టకు రంగు తప్పు పడ్తే గదే కొడ్తుంటిమి. జర సేపట్ల తెల్లగైతది. అమ్మ డ్రెస్ రంగు ఎంత, దాని జోరెంత!"

"అంటే నువ్వు కూడా నా డ్రెస్సే అంటున్నావన్నమాట" అంది ఆవిడ.

అతను నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, గట్ల గాదమ్మా. ఎవలిదైతేంది, పోయింది గద!"

బట్ట నుంచి రంగు ఊడ్చే తెల్లటి మందు పొడి అది. మిల్లులో పాత స్నేహితుణ్ణి అడిగి తెచ్చాడట. నీళ్ళ మీద కాల్చిన గంధకం లాంటి వాసన ఉంది. ప్రముఖ్ వచ్చి చూసి, "శాబాష్! రంగే అని నేను అన్నానా లేదా?" అని అతని భుజం తట్టాడు. నీళ్ళు బాగుపడ్డాయి కానీ నింద గట్టిపడింది. రంగు తీసే మందుకు పోయిందంటే అది బట్ట రంగే అన్నమాట. ఇక ఎవరితో ఏం వాదిస్తాం?

నేను గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. పసుపు ఛాయ కూడా రాలేదు. క్లోరిన్ మొత్తాన్ని ఆ మందు తినేసింది. క్లోరిన్ లేని నీళ్ళలో పిల్లల్ని దింపకూడదు. ముందు ఆ మందు పొడి మిగిలింది క్లోరిన్ డబ్బాల గదిలో పెట్టలేదు కదా అని అడిగి, రెండూ కలిస్తే మంట లేస్తుందని చెప్పి, ఆ పొడిని సొసైటీ బయటికి పంపించేశాను. తరవాత కొలనులో మళ్ళీ క్లోరిన్ వేయించాను. వేసినంతసేపు బాగానే ఉంది. ఒకటికి రెండుసార్లు వేసి, చుక్కలకు పసుపు తేలేసరికి, నీళ్ళు మళ్ళీ టీ.

అతను గట్టు మీద కూలబడ్డాడు. "ఏంది సార్ గిది? హైడ్రోకు సచ్చిన రంగు మల్ల లేసుడు నేను జూడలే. మేం రంగేసిన బట్టల గిట్ల ఎన్నడు గాలే."

ఆ మాట నాలో ఏదో కదిపింది. కానీ ఏమిటో అందలేదు. ఇంటికొచ్చి పాత డైరీల పెట్టె కిందికి దించాను. బాయిలర్ నీళ్ళ రోజులవి. ఎక్కడ వెతకాలో తెలియదు. ఆవిడ వంటింట్లోంచి చూసి, "ఏం పోగొట్టుకున్నారు?" అంది. జరిగింది చెప్పాను. పోయిన రంగు తిరిగి రావడమేమిటో అర్థం కావట్లేదన్నాను.

ఆవిడ గరిటె పట్టుకునే ఆలోచించింది.

"మన మొదటి క్వార్టర్లో అన్నం పచ్చబడేది, గుర్తుందా? బిందెలో పట్టినప్పుడు నీళ్ళు తేటగానే ఉండేవి. పొద్దున్నకి అడుగున ఎర్రటి మడ్డి. టీ పెడితే నల్లగా అయ్యేది. పక్కింటి బెంగాలీ ఆవిడ చెప్పింది, ఇది ఇనుప నీళ్ళు, బ్లీచింగ్ వేసి తేర్చుకోమని. వేయగానే బకెట్టు మొత్తం ఇదే రంగు. అప్పుడు నేను ఏడ్చాను. నీళ్ళు పాడుచేశానని మీరు తిడతారనుకుని."

"ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదే!"

"మీ డైరీలో లేనిది జరగలేదనుకుంటారు మీరు. పెట్టె పైన పెట్టేయండి, దుమ్ము."

ఇనుము. బోరు నీళ్ళలో కరిగి ఉన్నంతసేపు కంటికి కనిపించదు. క్లోరిన్ తగిలితే తుప్పుగా మారి బయటపడుతుంది. హైడ్రో కొడితే మళ్ళీ కరిగి దాక్కుంటుంది. అసలు పోదు. బట్ట రంగైతే ఆ మందుకు విరిగిపోయి ఉండేది, తిరిగి వచ్చేది కాదు. జీవితమంతా ఇనుప గొట్టాల్లో నీళ్ళతో పనిచేసిన నాకు అది తోచలేదు. ఆవిడకు అన్నం రంగు గుర్తుంది.

ఆదివారం మీటింగు కొలను పక్కనే పెట్టారు. నేను రెండు తెల్ల బకెట్లు తీసుకెళ్ళాను. అందరి ముందు ఒకదానిలో మునిసిపల్ కుళాయి నీళ్ళు, రెండోదానిలో బోరు నీళ్ళు పట్టించాను. రెండూ ఒకేలా, తేటగా. మాట్లాడటానికి నేను సిద్ధపడుతుంటే ఆవిడ నా చేతిలోంచి క్లోరిన్ నీళ్ళ గ్లాసు తీసుకుంది. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనాల్సి వచ్చింది. సగం ఒక బకెట్టులో, సగం రెండోదానిలో పోసింది.

మొదటి బకెట్టు అలాగే ఉంది. రెండోది చూస్తుండగానే పసుపెక్కి, తరవాత గోధుమరంగుకు తిరిగింది. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. ఎవరో "చాయ్!" అన్నారు.

ఆవిడ ప్రముఖ్ వైపు తిరిగి, గుజరాతీలో నెమ్మదిగా అడిగింది. "ఆమా మారో డ్రెస్ క్యాఁ ఛే?" ఇందులో నా డ్రెస్సు ఎక్కడుంది?

ఆయన బకెట్టులో వేలు ముంచి, అలవాటుగా రెండు వేళ్ళతో నలిపి చూశాడు. కాసేపు వేళ్ళనే చూసుకున్నాడు. "మాసీ, ఇది నా సరుకు కాదు" అన్నాడు. తీర్మానం పక్కన పెట్టారు. పూర్తిగా కొట్టేయలేదు. ముందు కొలను బాగుచేసి చూపిస్తే తరవాత చూద్దామన్నారు. తేటగా కనబడితే చాలదు, క్లోరిన్ వేశాక కూడా తేటగా ఉండాలని ఆయనే షరతు పెట్టాడు. న్యాయమైన షరతే. ఒకసారి మోసం చేసిన నీళ్ళు కదా.

దాక్కున్న ఇనుము మొత్తం బయటికి వచ్చేదాకా క్లోరిన్ వేయించాను. కొలను చూడటానికి భయంకరంగా తయారైంది. తరవాత సోడా. పటిక వేస్తే నీళ్ళు పులుస్తాయి, కాబట్టి ముందు సోడాతో కట్టుదిట్టం చేసుకోవాలి. చుక్కలు వేసి, రంగు పోల్చి, కొంచెం వేసి, మళ్ళీ చుక్కలు. ఆ తరవాత డ్రమ్ములో పటిక కరిగించి కొలను చుట్టూ మగ్గులతో పోశాం. కాసేపు పంపు తిప్పి, ఆపేయమన్నాను.

"ఆపుడేంది సార్? ఇంక జోరుగ తిప్పాలె గద! మా మిల్లుల మిషన్ ఆగిందంటే మాల్ ఖరాబే."

"ఇక్కడ ఆగితేనే బాగుపడుతుందయ్యా."

అతనికి నమ్మకం కుదరలేదు. ఆవిడే చెప్పింది. వరద రోజుల్లో లంకలో నీళ్ళు ఎర్రమట్టిలా వచ్చేవి. వాళ్ళమ్మ కుండ లోపల, నీళ్ళను తేర్చే చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేది. ఆపైన ఆ కుండ ఉన్న మూలకు పిల్లల్ని పోనిచ్చేది కాదు. ఉట్టి తగిలినా, చెంబు ముంచినా, మళ్ళీ మొదటికి. "కుండ కదపకూడదు" అన్నది ఆ ఇంట్లో దేవుడి మాట.

అందుకని ఆవిడ కొలను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయంత్రం పిల్లల బంతి వచ్చి కొలనులో పడింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు.

"దాదీ, బాల్!"

"రేపు తీసుకోండి. పానీ సో రహా హై."

"పానీ సోతా హై క్యా, దాదీ?"

"నువ్వు అరవకపోతే పడుకుంటుంది."

వాళ్ళు నిజంగానే గొంతు తగ్గించి, గేటు ఊచల్లోంచి నీళ్ళు నిద్రపోవడం చూశారు.

మర్నాటికి పైనీళ్ళు తేరాయి. అడుగంతా గోధుమరంగు దుప్పటి పరిచినట్టు మడ్డి. దాన్ని లేపకుండా, గొట్టంతో నెమ్మదిగా పీల్చి, వడపోతకు పంపకుండా నేరుగా కాలవలోకి వదలాలి. డైహౌస్ మనిషికి అంత నెమ్మది పని కొత్త. నాలుగు అడుగులు వేసి నా వైపు చూసేవాడు. "గింత మెల్లగ నడుసుడు నా పెండ్లిల గూడ నడవలే సార్" అన్నాడు. పోయిన మట్టానికి ఈసారి తాపీ నుంచి వచ్చే మునిసిపల్ నీళ్ళే, బకెట్టులో పరీక్ష చేశాకే నింపాం. సోడా, క్లోరిన్ సరిచూసి, ప్రముఖ్‌ను పిలిచాను. ఆయన ఎదురుగానే ఇంకాస్త క్లోరిన్ వేయించాను. ఆయన బెంచీ మీద కూర్చుని, టీ తెప్పించుకుని, రెండు గంటలు కదలకుండా చూశాడు. కప్పులో టీ వంకా కొలను వంకా మార్చి మార్చి చూస్తూ.

రంగు మారలేదు.

ఆవిడ అప్పుడే దిగలేదు. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి, లోతు వైపు గట్టున నిలబడి నీళ్ళలో వేసింది. అది ఊగుతూ దిగి తెల్ల టైలు మీద పడింది.

"బొమ్మా, బొరుసా?" అన్నాను.

వంగి చూసింది. "బొమ్మ. మూడు సింహాలూ కనిపిస్తున్నాయి." తరవాత, "తాపీ నదికి పెట్టిన అప్పు తీర్చాను. ఇవి కూడా తాపీ నీళ్ళేగా" అంది.

పైకి వెళ్ళి అలమరా పైఅరలోంచి డ్రెస్సు నేనే దించాను.

ఆ తీర్మానం సంగతి తరవాత ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు దగ్గరి నోటీసును ప్రముఖ్ తన చేత్తోనే చించేశాడు. కొలనులో బోరు నీళ్ళు పోయకూడదని దాని స్థానంలో ఇంకోటి అంటించాడు. కొలను మనిషి రూపాయి బిళ్ళను తీసి ఆవిడకు ఇవ్వబోతే, అది నదిది, ముట్టుకోవద్దంది. కానీ దాన్ని అడుగునే వదిలేస్తే టైలుకు మరక పడుతుందని నేను పట్టుపట్టాను. చివరికి ఓసారి తాపీ వంతెన దాటుతూ ఆటోలోంచి వేసి వచ్చాం.

ఇప్పుడు ఆవిడ నడక తగ్గింది. ఎక్కువగా గోడ పట్టుకుని నిలబడి మిగతా ఆడవాళ్ళతో కబుర్లు చెబుతుంది. ఒక్కోసారి, ఎవరూ చూడటం లేదనుకుంటే, వెల్లకిలా పడుకుని తేలుతుంది. డ్రెస్సు అదే. ఇన్నేళ్ళ క్లోరిన్‌కీ ఎండకీ దాని మెరూన్ ఎండిన గులాబీ రంగుకు దిగింది. కొత్తది కుట్టించుకోమంటే వినదు.

ఈ పొద్దున కూడా తేలుతోంది. పొడుగు చేతులు రెండూ నీళ్ళ మీద విచ్చుకున్నాయి. నేను గొట్టంలో చుక్కలు వేసి, తల ఎత్తి, ఆ చేతుల చుట్టూ చూశాను. అలవాటు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.